పాత ఇరానీ హోటళ్ల నలుపు తెలుపు ఫొటోలను గోడకెక్కించే ముందు

ప్రశ్న: మా నాన్నగారు సికింద్రాబాద్‌లోని ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేవారు. 1950ల చివరి నుంచి 1970ల చివరి వరకు జంటనగరాల్లోని ఇరానీ హోటళ్లనూ టిఫిన్ హోటళ్లనూ ఆయన తీసిన నలుపు తెలుపు ఫొటోలు ఒక బిస్కెట్ల డబ్బాలో, కొన్నింటి నెగటివులు ఒక కవరులో మా ఇంట్లో ఉన్నాయి. కొన్ని ప్రింట్లు పసుపుబారాయి. కొన్నింటి నల్లని భాగాలు పక్కనుంచి చూస్తే వెండిలా మెరుస్తున్నాయి. పాత పటంలో ఉన్న ఒకటి అద్దానికి అతుక్కుపోయింది. మా తమ్ముడు కూకట్‌పల్లిలో కొత్తగా హోటలు తెరుస్తున్నాడు. ఈ అసలు ఫొటోలనే పటాలు కట్టించి గోడల నిండా పెట్టాలనీ, కొన్నింటికి రంగులు వేయించాలనీ అంటున్నాడు. ఒక ఫొటోలో హోటలు గోడ అద్దంలో కెమెరా పట్టుకున్న నాన్నగారు కనిపిస్తారు. ఆ అంచు కత్తిరించేద్దామని వాడి మాట. పటాలు ఎలా కట్టించాలి, కింద ఏమి రాయాలి, తమ్ముడికి ఏమి చెప్పాలి?
ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

సమాధానం: నాన్నగారి ఫొటోలు హోటలు గోడమీద ఉండాలన్న మీ తమ్ముడి ఆలోచన సరైనదే. తినే చోట తీసిన ఫొటోలకు తినడానికి వచ్చినవారి కళ్లముందు ఉండడం కంటె తగిన స్థానం లేదు. అయితే గోడకెక్కవలసినవి వాటి నుంచి కొత్తగా వేయించిన ప్రింట్లే గాని, డబ్బాలోని అసలు ప్రింట్లు కావు. ఈ ఒక్క విషయంలో మాత్రం మీరు మెత్తబడవద్దని నా విన్నపం. జంటనగరాల ఇరానీ హోటళ్లలో చాలావరకు మూతపడ్డాయి. మిగిలినవాటిలోనూ పాలరాతి బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు, గోడల మీది నిలువెత్తు అద్దాలు తీసివేసి లోపలి రూపమే మార్చుకున్నవి ఎన్నో ఉన్నాయి. ఆ గదులు ఎలా ఉండేవో, గల్లాపెట్టె ముందు ఎవరు కూర్చునేవారో, ఒక్కో బల్ల చుట్టూ ఎందరు సర్దుకునేవారో చెప్పగల ఆధారాలు ఇప్పుడు మీ ఇంట్లో ఉన్నటువంటి డబ్బాల్లోనే మిగిలాయి. కనుక వీటిని అలంకరణ సామగ్రిగా కాక దస్తావేజులుగా చూడమని ముందుగా మీ తమ్ముడికి చెప్పండి. పటం కట్టడమైనా, గోడకు తగిలించడమైనా, కింద నాలుగు మాటలు రాయడమైనా ఆ దస్తావేజు చెడకుండా, దానిలోని ఏ భాగమూ మరుగున పడకుండా, చూడవచ్చినవారు దాన్ని చదువుకునేందుకు తోడ్పడాలి.

అసలు ప్రింట్లను హోటల్లో ఎందుకు పెట్టకూడదో కారణాలతో సహా చెబితే మీ తమ్ముడు కాదనడని అనుకుంటాను. నలుపు తెలుపు ప్రింటులో మనకు నలుపుగా కనిపించేది నిజానికి వెండి. కాగితం మీది జెలటిన్ పొరలో అతి సన్నని వెండి రేణువులు పరుచుకుని ఉంటాయి. గాలిలోని గంధకపు ఆవిరులు తగిలినా, ప్రింటు వేసిన రోజున బొమ్మను నిలబెట్టడానికి వాడే హైపో రసాయనాన్ని నీళ్లతో పూర్తిగా కడగకపోయినా ఆ వెండి క్రమంగా పసుపు, గోధుమ రంగులకు తిరుగుతుంది. గాలిలోని ఆక్సీకరణ కారకాలు తేమతో కలిసి పనిచేసినప్పుడు వెండి కొంత కరిగి, జెలటిన్ పైపొరకు చేరి, అక్కడ మళ్లీ లోహంగా పేరుకుంటుంది. మీరు పక్కనుంచి చూసిన మెరుపు అదే. దాన్ని గుడ్డతో తుడిస్తే మెరుపుతో పాటు బొమ్మ కూడా పోతుంది కాబట్టి దాని జోలికి వెళ్లవద్దు. ఇక కొత్త హోటలు సంగతి చూడండి. వంటగది ఆవిరి, తాలింపు పొగ, గాలిలో తేలి అన్నిటి మీదా సన్నగా పేరుకునే నూనె జిడ్డు ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు కొత్తగా వేసిన నూనె రంగులు ఆరుతున్న కాలంలో వెలువరించే పెరాక్సైడ్లు వెండికి బద్ధశత్రువులు. పగలంతా ఏసీ నడిపి రాత్రి ఆపివేసే గదిలో తేమ రోజూ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దానితో పాటే జెలటిన్ ఉబ్బుతూ ముడుచుకుంటూ పగుళ్లకు దారి ఇస్తుంది. మీ సేకరణలో 1970ల నాటి ప్లాస్టిక్ పూత కాగితపు ప్రింట్లు ఉంటే, ఆ తొలితరం కాగితాలు అద్దం వెనక వెలుతురులో ఉంచితే మరింత త్వరగా పాడవుతాయని కూడా గుర్తుంచుకోండి.

అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను లాగి తీసే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. తేమకు ఉబ్బిన జెలటిన్ అద్దానికి అంటుకుని ఆరిపోయింది కాబట్టి, లాగితే కాగితం చేతికి, బొమ్మ అద్దానికి మిగులుతాయి. నీళ్లలో నానబెట్టమనీ, వేడి గాలి కొట్టమనీ సలహాలు ఇచ్చేవారుంటారు. ఏ పద్ధతి ఏ ప్రింటుకు పనికివస్తుందో మ్యూజియాల్లో కాగితాలూ ఫొటోలూ బాగుచేసిన అనుభవం ఉన్న సంరక్షకులకు మాత్రమే వదిలేయాలి. అంతవరకు మీరు చేయగలిగినది ఒకటుంది. వెనక అట్టను మెల్లగా తీసి, ఫొటోను అద్దంతో సహా అలాగే ఉంచి, అద్దం మీది నుంచే స్కాన్ చేయించండి. అద్దం పైముఖాన్ని పొడి మెత్తని గుడ్డతో తుడిచి స్కానరుపై బోర్లా పరిస్తే, చాలా సందర్భాల్లో కొత్త ప్రింటు వేసుకోదగిన నకలు దొరుకుతుంది.

మిగిలిన ప్రింట్లన్నింటినీ పటాల పని మొదలుకాక ముందే స్కాన్ చేయించాలి. అంచులు పట్టుకుని ఎత్తండి, బొమ్మ ఉన్న ముఖాన్ని వేళ్లతో తాకవద్దు. ప్రతి ప్రింటుకూ రెండు వైపులా స్కాన్ కావాలి, ఎందుకంటే వెనక ఉన్న స్టూడియో ముద్ర, పెన్సిలు అంకె, ఎవరో రాసిన పేరు కూడా బొమ్మతో సమానంగా విలువైనవి. 6×8 అంగుళాల ప్రింటును 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) వద్ద స్కాన్ చేస్తే 12×16 అంగుళాల కొత్త ప్రింటుకు సరిపోయే వివరం వస్తుంది. చిన్న ప్రింట్లకు 1200 పెట్టించండి. నెగటివు ఉన్న ఫొటోలకు మాత్రం ప్రింటు నుంచి కాక నెగటివు నుంచే నకలు తీయాలి. 120 ఫిల్ముపై తీసిన చదరపు నెగటివును 2400 డీపీఐ వద్ద స్కాన్ చేస్తే సుమారు 17 అంగుళాల చదరపు ప్రింటు హాయిగా వస్తుంది. 35 మిల్లీమీటర్ల నెగటివును 3200 వద్ద చేస్తే 10×15 అంగుళాలు వస్తాయి. ఫైళ్లను టిఫ్ రూపంలో భద్రపరచుకుని, ప్రింటుకు ఇచ్చే ప్రతిని దాని నుంచి వేరుగా తయారు చేయించుకోండి. నెగటివుల కవరు తెరిచినప్పుడు వెనిగరులాంటి పుల్లని వాసన వస్తే ఆ ఫిల్ము ఆధారం విచ్ఛిన్నమవుతున్నదని అర్థం. అటువంటివి పక్కవాటిని కూడా చెడగొడతాయి కాబట్టి వెంటనే వేరుచేసి, స్కానింగులో మొదటి వరుస వాటికే ఇవ్వండి.

ఇప్పుడు అద్దంలో పడిన నాన్నగారి సంగతి. ఆ అంచు కత్తిరించడానికి వీల్లేదు. పారిస్‌లో ఫొటోగ్రాఫరు యూజీన్ అత్జే 1908లో తీసిన ఒక పాత మద్యశాల ముఖద్వారపు ఫొటోలో, అద్దం తలుపు వెనక నిలబడి బయటికి చూస్తున్న మనుషులూ, అదే అద్దంలో పడిన కెమెరా నీడా కలిసే కనిపిస్తాయి. ఆ ఫొటోను ఈనాటికీ జనం ఆగి చూడడానికి ఆ కలయికే ఒక కారణం. ఇరానీ హోటళ్లలో గోడల నిండా అద్దాలు ఉండేవి కాబట్టి అక్కడ ఫొటో తీసిన ఎవరైనా ఏదో ఒక మూల పట్టుబడక తప్పదు. మీ ఫొటోలో ఆయన ఏ కెమెరా పట్టుకున్నారో, దాన్ని నడుము దగ్గర పెట్టి పైనుంచి చూస్తున్నారో, కంటికి ఆనించుకున్నారో, ఫ్లాష్ వాడారో లేదో ఆ అంచే చెబుతుంది. ఫొటో తీసిన మనిషి ఎవరో ఫొటోయే చెప్పే అవకాశం ఎంత అరుదో ఆలోచించండి. ఆ ఒక్కదాన్ని మిగతావాటికంటె పెద్దగా వేయించి, గల్లా ఎదుటి గోడకు పెట్టమని నేను చెబుతాను. ఇదే సూత్రం మిగిలినవాటికీ వర్తిస్తుంది. అంచున సగం కనిపించే సైకిలు, బల్ల కింద నిద్రపోతున్న పిల్లి, కదిలిపోయి మసకబారిన సర్వరు చేయి, వీటిలో దేన్నీ కంప్యూటరులో చెరపవద్దు. స్కానులో పడిన దుమ్ము, గీతలు సరిచేయవచ్చు. ఆనాడు కెమెరా ముందు ఉన్నదాన్ని మార్చకూడదు.

రంగులు వేయించడం నాకు అసలు సమ్మతం కాదు. గోడ కింది భాగంలో ఏ రంగు ఉండేదో, కుర్చీ చెక్క ఎంత ముదురుగా ఉండేదో తెలియనప్పుడు, కంప్యూటరు ఊహించి పూసిన రంగును చూసి పిల్లలు అదే నిజమనుకుంటారు. ఎర్రమట్టి రంగు పులిమి పాతగా కనిపించేలా చేయడం కూడా అలాంటిదే. పూర్వం స్టూడియోల్లో సెపియా చేయడమంటే వెండిని గంధకంతో కలిపి మరింత మన్నేలా చేసే రసాయన ప్రక్రియ. ఇప్పుడు తెరమీద మీట నొక్కి తెచ్చే గోధుమ రంగుకు ఆ ప్రయోజనం ఏమీ లేదు. నాన్నగారి ప్రింట్లలో నిజంగానే సెపియా చేసినవి గాని, చేత్తో రంగులద్దినవి గాని ఉంటే వాటిని ఉన్నవి ఉన్నట్లుగా రంగు స్కాన్ చేయించి ఆ రంగులోనే ముద్రించండి. అది ఆనాటి పనితనం. చేత్తో అద్దిన రంగులు మామూలు ప్రింటుకంటె త్వరగా వెలిసిపోతాయి కాబట్టి ఆ అసలు ప్రతులను వెలుతురుకు మరింత దూరంగా ఉంచాలి.

కొత్త ప్రింట్లను మామూలు కలరు ల్యాబులో వేయిస్తే నలుపు తెలుపు ఫొటోకు ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి ఊదా ఛాయ తగులుతుంది. పది పటాలు వరుసగా పెట్టినప్పుడు ఆ తేడా కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. పిగ్మెంటు ఇంకుతో, బూడిద రంగు ఇంకులు విడిగా ఉన్న యంత్రంపై, మెరుపు లేని నూలు కాగితం మీద ముద్రించేవారిని వెతకండి. ఒక ఫొటోను ముందు చిన్న సైజులో నమూనాగా వేయించి, హోటల్లో పెట్టబోయే దీపాల వెలుతురులోనే చూడండి. దుకాణంలో సరిపోయిన నలుపు పసుపు దీపాల కింద మూసుకుపోవచ్చు. పాత ప్రింట్లలో నీడలు లోతుగా ఉంటాయి గాని, ఆ నీడల్లోనే చాయ్ కాచే సమోవారు, గాజు బీరువాలోని బిస్కెట్ల సీసాలు, వంటగది తలుపు దగ్గర నిలబడినవారి ముఖాలు ఉంటాయి. నీడల్లోని ఆ వివరం కనిపించేంత వరకే వెలుగు పెంచమని ముద్రించేవారికి చెప్పండి. అంతకు మించితే ఫొటో సున్నం కొట్టినట్లు పాలిపోతుంది.

ఇక పటం కట్టడం. మన ఊళ్లలో పటాలు కట్టే దుకాణాలకు ఎక్కువగా వచ్చేవి దేవుడి బొమ్మలు, పెళ్లి ఫొటోలు, పెద్దల ఫొటోలు. వాటికి అలవాటైన పద్ధతిలో అద్దాన్ని నేరుగా కాగితానికి ఆనించి, వెనక పాత దినపత్రిక పరిచి, దాని మీద హార్డుబోర్డు పెట్టి చిన్న మేకులు కొట్టేస్తారు. మీ ఇంట్లో ఒక ఫొటో అద్దానికి అతుక్కుపోవడానికి కారణం ఆ మొదటి అడుగే. దినపత్రిక కాగితంలోని ఆమ్లం కొన్నేళ్లలో ముందున్న కాగితాన్ని పసుపుబారుస్తుంది. ప్లైవుడ్, హార్డుబోర్డు వదిలే ఆవిరులదీ అదే పని. కాబట్టి దుకాణదారు పక్కన నిలబడి మూడు విషయాలు పట్టుబట్టి చేయించుకోండి. అద్దానికీ ఫొటోకూ మధ్య కిటికీ కోసిన అట్ట, అంటే మౌంటు, ఉండాలి, ఆ మౌంటూ ఫొటో వెనక అట్టా రెండూ ఆమ్లం లేని నూలు బోర్డువి కావాలి, ఫొటోను ఆ అట్టకు జిగురుతో అతికించకూడదు. ఫెవికాల్, సెల్లో టేపు, రెండు వైపులా అంటుకునే టేపు, ల్యామినేషన్ ఏదీ వద్దు. నాలుగు మూలలకు పారదర్శక పాలియెస్టరు మూలలు తొడిగి, వాటిని మాత్రం అట్టకు అంటిస్తే చాలు. పెద్ద ప్రింట్లయితే పై అంచున రెండు జపాన్ కాగితపు పట్టీలను గోధుమ పిండి గంజితో అంటించి వేలాడదీయాలి. ఆ గంజి ఎప్పుడు కావాలన్నా తడిపితే వదులుతుంది. మౌంటు బోర్డు కొనేటప్పుడు ఫొటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్టులో నెగ్గినదా అని అడగండి. ఫొటోలకు హాని చేయదని తేల్చే పరీక్ష అది.

మౌంటు రంగు విషయంలో చాలామంది పొరపడతారు. పాత కాగితం తెలుపులో కొద్దిగా వెచ్చదనం ఉంటుంది. దాని చుట్టూ మిలమిలలాడే తెల్లని మౌంటు పెడితే ఫొటోయే మాసినట్లు కనిపిస్తుంది. కొంచెం మీగడ రంగు కలిసిన తెలుపు ఎంచుకోండి. నలుపు మౌంటు, రెండు మూడు రంగుల మౌంట్లు, బంగారు గీతలు అవసరం లేదు. కొలతల్లో పిసినారితనం వద్దు. 12×8 అంగుళాల అడ్డం ఫొటోకు 18×14 అంగుళాల పటం అనుకుంటే, రెండు పక్కలా మూడేసి అంగుళాలు, పైన రెండుముప్పావు, కింద మూడుంపావు ఉంచమనండి. నాలుగు వైపులా సమానంగా వదిలితే ఫొటో కిందికి జారినట్లు కంటికి అనిపిస్తుంది. పాత ప్రింటు చుట్టూ ఉన్న తెల్లని అంచు, అలల్లా కత్తిరించిన చివరలు, మూలన పడిన స్టూడియో ముద్ర స్కానులో ఉంటే వాటిని కూడా ముద్రించి, కిటికీని వాటికంటె పావు అంగుళం వెడల్పుగా కోయించండి. ఫొటో ఒక వస్తువుగా తన పూర్తి రూపంతో కనబడుతుంది. చట్రానికి ముప్పావు అంగుళం వెడల్పున్న సాదా టేకు గాని, మెరుపులేని నల్ల రంగు చెక్క గాని చాలు. నగిషీలు చెక్కి బంగారు పూత పూసిన చట్రాలు నిజాం దర్బారు చిత్రపటాలకు సరిపోతాయి. గోడవార బెంచీ మీద కూర్చుని సాసరులో చాయ్ పోసుకుని తాగుతున్న మనిషి ఫొటోకు అవి బరువు.

హోటలు గోడలకు అద్దం కంటె అక్రిలిక్ మేలు. అద్దంలా తేలికగా పగిలి ముక్కలు కాదు, అతినీలలోహిత కిరణాలను ఆపే రకం దొరుకుతుంది. అయితే పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయనీ, దుమ్మును ఆకర్షిస్తుందనీ శుభ్రం చేసేవారికి చెప్పి ఉంచాలి. శుభ్రం చేసే ద్రవాన్ని పటం మీద చిమ్మకుండా గుడ్డను తడిపి తుడవాలి, లేకపోతే చట్రం సందుల్లోంచి తడి లోపలికి దిగుతుంది. వంటగది తలుపుకు ఎదురుగా, చేతులు కడుక్కునే చోటుకు పక్కన, ఏసీ గాలి సూటిగా తగిలే చోట, మధ్యాహ్నపు ఎండ పడే గోడకు పటాలు వద్దు. వానాకాలంలో చెమ్మదిగే బయటి గోడ మీద పెట్టక తప్పకపోతే, పటం కింది రెండు మూలలకు వెనక బెండు ముక్కలు అంటించి గోడకూ పటానికీ మధ్య గాలి ఆడే సందు ఉంచండి. గోడ రంగు పూర్తిగా ఆరిపోయి వాసన పోయిన తరువాతే తగిలించండి. ఒక తాడు, ఒక మేకు కాక ప్రతి పటానికీ రెండు కొక్కేలు వేస్తే తలుపు అదురుకు వంకరపోదు. ఎత్తు విషయానికి వస్తే, నడిచే దారిలో పటం మధ్యభాగం నేల నుంచి 58 అంగుళాల దగ్గర ఉంటే నిలబడినవారికి సరిపోతుంది. కూర్చుని తినేవారి కోసం పెట్టే గోడకు ఇంకో అయిదారు అంగుళాలు దించవచ్చు గాని, కుర్చీ వీపులూ తలనూనె తగలనంత పైన ఉండాలి.

గోడల నిండా పెట్టాలన్న ఆలోచనను మాత్రం మాన్పించండి. నలభై పటాలు కిక్కిరిసి ఉంటే ఎవరూ ఒక్కదాన్నీ చూడరు. పన్నెండో పదిహేనో ఎంచి, వాటికి ఒక వరుస కల్పించండి. వీధి, బోర్డు, గల్లా, బల్లలు, వంటగది, పనివారు అన్న క్రమంలో నడిస్తే చూసేవారు ఆనాటి హోటల్లోకి అడుగుపెట్టినట్లే ఉంటుంది. యజమానుల ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయి, గల్లా వెనక దండ వేసిన పటంగా తరతరాలు ఉంటాయి. చాయ్ మాస్టరు, తందూరు ముందు నిలబడినవారు, గ్లాసులు కడిగే పిల్లవాడు మాత్రం ఇలాంటి ఫొటోల్లో తప్ప ఇంకెక్కడా మిగలరు. ఎంపికలో వారికి ముందు చోటు ఇవ్వండి.

కింద రాసే పలక గురించి మీరు అడగడం నాకు సంతోషం కలిగించింది, ఎందుకంటే చాలా హోటళ్ల గోడలమీద ఊరూ పేరూ లేని పాత ఫొటోలే వేలాడుతుంటాయి. ఫొటోగ్రాఫరు బెరెనిస్ అబ్బాట్ 1936 ఫిబ్రవరిలో న్యూయార్కులో, నాణెం వేస్తే గాజు అర తెరుచుకుని తిండి అందే ఒక ఆటోమాట్ భోజనశాలను తీసిన ఫొటో పేరులోనే 977 ఎయిత్ ఎవెన్యూ అన్న చిరునామా ఉంది. ఆ నగరంలోని చివరి ఆటోమాట్ 1991లో మూతపడింది. అయినా ఆ ఫొటో ఏ వీధిలోది అన్న ప్రశ్న ఈనాటికీ తలెత్తదు. మన సికింద్రాబాద్‌లోనే నడిచిన లాలా దీన్‌దయాళ్ స్టూడియో ప్రింట్లలో కూడా కింది అంచున అంకె, చోటు పేరు కనిపిస్తాయి. సికింద్రాబాద్ స్టూడియోలకు అది సొంత సంప్రదాయమే. మీ పలకలో బోర్డు మీద ఉన్నట్లే హోటలు పేరు, ఆనాటి వీధి పేరు, ఇప్పుడు ఆ స్థలంలో ఏముందో, తీసిన సంవత్సరం లేదా కాలవ్యవధి, కనిపిస్తున్నవారి పేర్లు, తీసినవారి పేరు ఉండాలి. పేర్లు తెలియకపోతే తెలియలేదనే రాయండి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: ‘స్టేషను రోడ్డులో ఒక ఇరానీ హోటలు, సికింద్రాబాద్. 1957, 1964 మధ్య. ధరల పలకపై నయా పైసలు ఉన్నాయి. గల్లా వద్ద ఉన్నవారి పేరు తెలియలేదు.’ చోటు పేర్లు ఎంత త్వరగా మూలాన్ని కోల్పోతాయో పారడైజ్ కూడలి చెబుతుంది. 1953లో ఆ పేరుగల సినిమాహాలులో మొదలైన చిన్న కెఫే పేరే ఇప్పుడు అందరికీ గుర్తు, ఆ హాలు లేదు.

తేదీలు తెలియని ఫొటోలకు ఆధారాలు ఫొటోలోనే వెతకాలి. భూతద్దం పట్టి ధరల పలక చూడండి. అణాల లెక్క ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదో, మార్పు ఇంకా పూర్తికాని ఆ తొలి రోజులదో కావచ్చు. నయా పైసలు ఉంటే ఆ తేదీకీ 1964 జూన్‌కూ మధ్యది అయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అప్పటి నుంచి నయా అన్న మాటను అధికారికంగా తీసివేశారు. గోడమీద సినిమా పోస్టరు ఉంటే ఆ సినిమా విడుదల తేదీ దొరుకుతుంది. బస్సు మీద ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ పేరు ఉంటే 1958కి ముందుది కాదు. బల్లమీద థమ్సప్ సీసా కనిపిస్తే 1977కు ముందుది కాదు. కోకాకోలా సీసా కనిపిస్తే, 1977లో ఆ సంస్థ దేశం విడిచి వెళ్లడానికి ముందుదని నాన్నగారి కాలాన్ని బట్టి చెప్పవచ్చు. గోడ క్యాలెండరు ఒక్కోసారి నెలతో సహా చెప్పేస్తుంది. ఇలా తేల్చిన ఆధారాన్ని కూడా పలకలో ఒక వాక్యంగా రాస్తే, చూసేవారు తామే దాన్ని ఫొటోలో వెతుక్కుంటారు. పలకను మౌంటు మీద పెన్నుతో రాయకుండా విడిగా ముద్రించి కుడి పక్కన పెట్టండి. కూర్చున్న చోటునుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాలు ఉండాలి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలోనూ రాయించమని నా సలహా. ఆ హోటళ్ల బోర్డుల మీద ఈ భాషలు కలిసే ఉండేవి.

అసలు ప్రింట్లను బిస్కెట్ల డబ్బాలోంచి తీసి, ఒక్కొక్కదాన్ని ఆమ్లం లేని కాగితపు కవరులో లేదా పాలియెస్టరు జేబులో పెట్టి, అట్టపెట్టెలో పరచి ఉంచండి. వెనక ఏదైనా రాయవలసి వస్తే అంచు దగ్గర మెత్తని పెన్సిలుతో, నొక్కకుండా రాయండి. అటక మీద, వంటగది పక్క గోడ బీరువాలో, నేలమట్టం అరలో వద్దు. లోపలి గది బీరువాలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూడగలిగితే మంచిది, అందుకు చిన్న తేమ మీటరు ఒకటి లోపల ఉంచండి. నాఫ్తలీన్ ఉండలు వేయవద్దు. నెగటివులను ప్రింట్లతో కలపకుండా వేరే పెట్టెలో దాచాలి. ఇంట్లో చూసుకోవడానికి ఒక అసలు ప్రింటు పటం కట్టించాలని మీకు అనిపిస్తే, పైన చెప్పిన పద్ధతిలోనే కట్టించి ఎండ రాని నడవలో పెట్టండి, కొన్ని నెలలకొకసారి మరొకదానితో మార్చండి.

చివరగా హక్కుల మాట. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు తొలి హక్కుదారు తీయించుకున్నవారే. ఉద్యోగంలో భాగంగా తీసినదైతే యజమానికి హక్కు చెందే సందర్భాలున్నాయి. 2012 సవరణ తరువాత, తీసినవారి జీవితకాలంలో ప్రచురితమైన ఫొటోకు ఆ హక్కు వారి మరణానంతరం 60 ఏళ్ల వరకు నిలుస్తుంది. కాబట్టి నాన్నగారు తన ఇష్టంకొద్దీ తీసినవేవో, హోటలువారు స్టూడియోకు పని చెప్పి తీయించుకున్నవేవో ప్రింటు వెనక ముద్రలను బట్టి వేరుచేయండి. రెండో రకం ఫొటోలను వ్యాపార స్థలంలో పెట్టేముందు ఆ కుటుంబాలను వెతికి మాట అడగడం చట్టరీత్యా అవసరం, మర్యాద కూడా. వెళ్లేటప్పుడు ఆ ఫొటో ప్రింటు ఒకటి పట్టుకెళ్లి వారికి ఇవ్వండి. గల్లా దగ్గర ఉన్నది తాతో, మేనమామో వారు చూడగానే చెబుతారు. వారి దగ్గరున్న పాత బిల్లు పుస్తకాలు, లైసెన్సు కాగితాలతో మీ తేదీలు సరిచూసుకోవచ్చు. కొత్త హోటల్లో కూడా ఒక పుస్తకం పెట్టి, ఫొటోల్లోని మనుషులనూ చోట్లనూ గుర్తుపట్టినవారు రాసి వెళ్లమని కోరండి. పటాలు ముందుగానే గోడకెక్కినా, వాటి పక్కన తొలి కొన్ని నెలలు మామూలు కాగితం పలకలే ఉంచి, ఈ వివరాలన్నీ చేరిన తరువాతే శాశ్వత పలకలు చేయించండి.